ముత్యాలు కట్టిన గోడ

బరంపురం శివారులో కాసులు మేస్త్రి ఇంటి అరుగు. అమెరికాలో ఎన్నికలై పది రోజులు. ఇజ్రాయిలు కూలిపనికి కుర్రాళ్లను ఎంచడానికి కంపెనీవాళ్లు ఆ పొద్దున్నే గోడలు కట్టించి చూశారు. చూసి మార్కులేసింది కాసులే. సాయంత్రం పోతయ్య వచ్చాడు. పంతొమ్మిదేళ్లలో ఆ గుమ్మం తొక్కడం ఇదే మొదలు.

"అది కాదు మేస్త్రీ, నానొచ్చింది ఏటంటే..."

"ముందు ఇజ్రాయిలు సంగతి తేల్చు. టీకొట్టు కాడ రోజూ తేలుస్తావు కదా."

"ఇప్పుడదెందుకు?"

"ఎందుకేటి? ఒడియా పేపరు సదివి మొన్న ఏటన్నావు? 'గాజాని నేలమట్టం సేసీవలసిందే, ఎనకాల అమెరికా ఉంది, భయమేటి' అన్నావా, నేదా?"

"అన్నాను. పండగపూట గాజా నుంచొచ్చి ఇజ్రాయిలు ఊల్లమీద పడి ఆల్ల మనుసుల్ని సంపీసేరు, ఎత్తుకుపోయేరు. కోపం రాదేటి?"

"వొస్తాది. అది తప్పే, నాను కాదన్ను. మరి ఏడాదిగా గాజాలో పసిపిల్లలు సచ్చిపోతన్నారు. ఆల్లేటి సేసేరు?"

"నాను నీతో వాదానికి రానేదు."

"రా, రా. వాదమంటే నీకిష్టమే కదా. అమెరికాలో మిషిగన్ అరబ్బులు, ఇజ్రాయిలుకి బాంబులిచ్చేరని కోపమొచ్చి, ఎప్పుడూ ఏసే పార్టీకి ఓటెయ్యడం మానీసేరట. పార్టీ ఓడిపోయింది."

"ఆల్లకేటి లాభం? గెలిచినోడు ఇంకా ఇజ్రాయిలు వైపే. బాంబులాగేయా? కోపంతో ఆల్ల కొంపకి ఆల్లే నిప్పెట్టుకున్నారు."

"పిల్లలు పోయినోడు లాభం సూసుకోడు పోతయ్యా. నా ఓటుతో గెలిచి, నా వోల్లమీదకే బాంబులు పంపినోడు కుర్సీలో కూకోకూడదు. అంతే. అది ఎంత సల్లగుంటాదో నీకేటి తెలుసు!"

"బావా..."

"బావేటి? పంతొమ్మిదేల్లకి బావనయ్యేనా?"

"మా గుంటడు ముత్యాలు... పొద్దున్న నీ కాడే గోడ కట్టేడు."

"కట్టేడు. తాడు పట్టినట్టు కట్టేడు. అంతమందిలో ఆడే మొదలు."

"అదే నా ఏడుపు. ఆణ్ణి ఫెయిలు సెయ్యి బావా."

"ఏటీ?"

"నీ కాల్లట్టుకుంటాను. ఆల్లమ్మ మూడు రోజులై ముద్ద ముట్టనేదు. ఆడు ఎవుల మాటా ఇనడు. 'అమెరికా ఉంది, భయం నేదని నువ్వే కదా అన్నావు నాన్నా, మరి నన్నెందుకాపుతావు' అంతన్నాడు."

"నిజమే కదా. అమెరికా ఉంది కదా."

"అమెరికా మా గుంటడి ఎనకాల ఉంటాదేటి? సైరను మోగితే ఆడెక్కడికి పరిగెడతాడు?"

"హఉ, అవును మరి, ఇప్పుడు తెలిసిందా! ఇజ్రాయిల్లో ఆ కూలిపని ఎవులిదో అదీ తెలుసుకో. పాలస్తీనా కూలోల్లది. యుద్ధమొచ్చి ఆల్లని రానీడం మానీసేరు. ఆల్ల జాగాలో మన పిల్లలు. ఒకడి జాగాలోకి ఇంకోణ్ణి దింపడం నీకు కొత్తేటి?"

"ఆ పాత గొడవ ఇప్పుడొద్దు బావా."

"ఇప్పుడే కావాలి. నీ నోటితో సెప్పు. మిల్లులో మేము సమ్మె సేస్తే నువ్వేటి సేసేవు?"

"కొడల ఊరి నుంచి కూలీల్ని తెచ్చేను."

"ఎందర్ని?"

"నలభైమందిని. లారీలో."

"ఏ గేటు?"

"ఎనక గేటు. మేనేజరు నన్ను..."

"మేనేజర్ని ఒగ్గీ. నా ఉద్యోగం పోయింది. అప్పుడు నా కొడుకు గంగన్నకెన్నేల్లు?"

"పదిహేడు."

"నా ఇల్లు నిలబెట్టడానికి ఆడెక్కడికెల్లేడు?"

"సూరత్."

"ఎలాగ తిరిగొచ్చేడు?"

"వొద్దు బావా."

"ఎలాగొచ్చేడు పోతయ్యా!"

"పెట్టిలో. మగ్గం కాడ కరెంటు కొట్టి... నా వల్లే. నా వల్లే బావా! తప్పు నాదే. నన్ను కొట్టు, సంపు. నా గుంటణ్ణి మాత్రం పంపకు."

"పంపను."

"ఆఁ?"

"పొద్దున్నే ఫెయిలు రాసీసేను. కాయితం కంపెనీవోల్ల కాడికెల్లిపోయింది."

"నానడక్కముందేనా? ఓలమ్మ! నీ కడుపు సల్లగుండ బావా..."

"నా కడుపు మాటెత్తకు."

"తప్పయిపోయింది. నోరు జారింది. నువ్వు దేవుడివి..."

"దేవుణ్ణి కాను. కూకో, పూర్తిగా ఇను. ఆడి కడుపు కొట్టాలనే రాసేను. ముత్యాలొచ్చి నా కాలరట్టుకున్నాడు. 'నా గోడలో తప్పేటో సెప్పు' అన్నాడు. తప్పేటీ నేదన్నాను."

"మరి?"

"'మీ అయ్యే ఫెయిలు సెయ్యమన్నాడు' అన్నాను."

"అబద్దం! అప్పటికి నాను నీ గుమ్మమే తొక్కనేదు!"

"తొక్కనేదు. గుంటడు గుడ్లనీల్లు గుడ్లల్లో కుక్కుకున్నాడు. 'నాకిక అయ్య నేడు' అనీసి ఎల్లిపోయేడు."

"ఎంత పని సేసేవు! ఇప్పుడే ఎల్తాను, కాసులు అబద్దమాడేడని ఆడికి సెప్తాను."

"ఎల్లు. ఆడి నెత్తిమీద సెయ్యేసి, 'నిన్ను ఫెయిలు సెయ్యమని నానడగనేదు' అని ఒట్టెయ్యి. ఇందాకా ఈ గుమ్మం తొక్కకముందైతే ఎయ్యగలిగేవోడివి."