కంపెనీ కారెక్కని ముప్పై మూడేళ్లు

1991 జూలై మూడవ తేదీ, బుధవారం ఉదయం పది గంటలకు మన జలకాలుష్య నియంత్రణ కార్యాలయపు ప్రయోగశాలలో కనిష్ఠ విశ్లేషకురాలిగా చేరి, ఈ నెలాఖరున ప్రధాన విశ్లేషకురాలి హోదాలో పదవీ విరమణ చేస్తున్న మన గౌరవనీయ సహోద్యోగినిని ఈ నాలుగు అంతస్తుల భవనంలో అందరూ "ఐసుపెట్టె మేడమ్" అనే పిలుస్తారు. ఆ పేరు మొదట వెక్కిరింతగా పుట్టింది. వెక్కిరించిన వారిలో ఈ వ్యాసకర్త కూడా ఉన్నాడు. అటువంటి వాడికే ఈ అభినందన వ్యాసాన్ని అప్పగించడం సావనీరు కమిటీ వారి అమాయకత్వమో ఆదమరుపో తెలియదు. "రెండు పేజీలు చాలు సార్, ఎవరి మనసూ నొప్పించకుండా రాయండి" అన్నారు కమిటీ కార్యదర్శి గారు. ఎవరినీ నొప్పించకుండా రాయడం ఈ వ్యాసకర్తకు కొత్త కాదు, ఇన్నేళ్లూ ఫైళ్లలో చేసింది అదే. ఇక్కడ మాత్రం అది కుదరదు.

వారు చేరిన నాటికి ప్రయోగశాల అంటే మెట్ల కింద రెండు గదులు. తలుపు ఊడిపోకుండా తాడుతో బిగించిన ఫ్రిజ్ ఒకటి, కాళ్లు సమంగా లేని బల్ల మీద సున్నితమైన త్రాసు ఒకటి. బల్ల కాలి కింద మడిచిన అట్టముక్క పెట్టి త్రాసును నిలబెట్టడం వారి మొదటి రోజు పని కాగా, మొదటి ఏడాదంతా చేసిన పని సీసాలు కడగడం. కడిగిన సీసాను వెలుతురుకు పట్టి చూసి మళ్లీ కడిగేవారు. ఎందుకంత చాదస్తం అని అడిగితే, "సీసా సరిగ్గా కడక్కపోతే వాగు మీద చాడీలు చెప్పినట్టేనండీ" అనేవారు. ఆ మాటకు అప్పట్లో అందరం నవ్వుకున్నాం.

రెండేళ్లకు వారికి క్షేత్రవిధులు, అంటే కర్మాగారాలకు వెళ్లి నీటి నమూనాలు తెచ్చే పని, అప్పగించారు. ఇక్కడ కుటుంబ సభ్యులకు, కొత్తగా చేరిన సిబ్బందికి ఒక సంగతి విడమరిచి చెప్పాలి. కర్మాగారాలను తనిఖీ చేయవలసిన మన కార్యాలయానికి ఆనాడు వాహనం లేదు. ఈనాడూ లేదు. అందువల్ల తనిఖీ చేయబోయే కర్మాగారానికే ముందురోజు ఫోను చేసి, మమ్మల్ని తీసుకువెళ్లడానికి కారు పంపండి అని అడగడం ఆనవాయితీ. దొంగ ఇంటిని సోదా చేయడానికి దొంగ బండి మీదే బయలుదేరి, వాడు చూపించిన గదిలో వెతికి, వాడిచ్చిన చల్లటి పానీయం తాగి తిరిగి రావడం వంటిది ఇది. ఆ ఫోను చేసే పనిని పదేళ్లపాటు తు.చ. తప్పకుండా నిర్వర్తించినవాడు ఈ వ్యాసకర్తే. సిగ్గుపడవలసిన ఈ పనిని తన సేవా నివేదికలో "సమన్వయం" అని రాసుకున్నాడు కూడా.

ఆ మొదటి తనిఖీ ఉదయం తెల్లటి కారు గుమ్మం ముందు ఆగింది. మేడమ్ గారు ఐసుపెట్టె చంకన పెట్టుకుని కిందికి దిగి డ్రైవరును అడిగారు.

"ఈ కారు ఎవరిది బాబూ?"

"సబ్బుల ఫ్యాక్టరీ వాళ్లదమ్మా."

"మనం వెళ్లేది ఎక్కడికి?"

"అక్కడికేనమ్మా."

"అయితే నువ్వు వెళ్లు. నేను నా దారిన వస్తాను" అని చెప్పి, ఆ పెట్టె మోసుకుంటూ బస్టాండుకు నడిచి వెళ్లారు. మేమందరం పైనుంచి కిటికీలో తలలు పెట్టి చూస్తూ నవ్వుకున్నాం. వారి భర్త గారు దర్జీ. ఐసు త్వరగా కరగకుండా లోపల దూది దట్టించి, భుజానికి తగిలించుకునే వీలుగా పెట్టెకు మందపాటి సంచీ కుట్టి ఇచ్చారు. చల్లగా ఉంచకపోతే నమూనా గుణం దారిలోనే మారిపోతుంది మరి. మా నవ్వులకు ఆయన ఇచ్చిన సమాధానం ఆ సంచీ.

వారి జీవితంలోని ఒక చిన్న ఘట్టాన్ని ఇక్కడ స్మరించుకోవాలి. ఒకనాడు సబ్బుల ఫ్యాక్టరీ వాగులోకి వదిలే నీటిని సీసాలో పట్టుకుని వస్తున్న తిరుగు ప్రయాణంలో బస్సు కిక్కిరిసి ఉంది. పక్కన కూర్చున్న పెద్దాయన ఐసుపెట్టె వంక ఆశగా చూసి, "చేపలా తల్లీ?" అని అడిగారట. "కాదు బాబాయ్, నీళ్లు" అంటే నమ్మలేదట. మేడమ్ గారు మూత తీసి సీసా చూపించారు. ఆయన సీసాను పైకెత్తి, ఒకసారి ఊపి, పెదవి విరిచారు.

"ఇవి పదకొండు గంటల నీళ్లు కదూ? ఇవి తాగినా ఏం కాదులే. ఆఫీసు వాళ్ల కారు వచ్చే రోజు వాళ్లు మంచినీళ్లే వదుల్తారు. ఆదివారం మధ్యాహ్నం రా తల్లీ, నురగ నా నడుం దాకా వస్తుంది."

వెనుక సీట్లోంచి ఒకావిడ అందుకున్నారు. "ఆదివారం మా గేదె కూడా ఆ ఒడ్డుకు పోదమ్మా. దానికున్న బుద్ధి మీ ఆఫీసుకు లేకపాయె!"

బస్సంతా గొల్లుమంది. మేడమ్ గారూ నవ్వారు, కానీ ఇంటికి వెళ్లాక అన్నం సహించలేదని తరువాత చెప్పారు. కంపెనీ కారులో ఇరవై ఏళ్లు తిరిగిన వారికి తెలియని నిజం, అరగంట బస్సు ప్రయాణంలో తెలిసింది. వాగు ఒడ్డున బతికే మనుషులకు ఏ రోజు ఏ నీళ్లు వస్తాయో వేళలతో సహా తెలుసు. వారిని అడగాలన్న ఆలోచన మాత్రం మనలో ఒక్కరికీ రాలేదు.

1998లో ఒక ఆదివారం మధ్యాహ్నం వారు ఒంటరిగా వెళ్లి, మోకాలి లోతు నురగలో నిలబడి సీసా నింపారు. పరుగున వచ్చిన ఫ్యాక్టరీ మేనేజరు గారు ఎంతో మర్యాదగా, "ఈ ఎండలో బస్సెందుకమ్మా, మన కారుంది కదా" అన్నారట. "మన కారంటే ఎవరిదండీ?" అని అడిగి వారు బస్సు ఎక్కారు. ప్రయోగశాలలో పరీక్ష కోసం ఆ నీటిలో వదిలిన చేపపిల్లలు గంట తిరగకముందే చచ్చి తేలాయి. నివేదిక పై అధికారి బల్ల మీదికి వెళ్లింది. బదులుగా వచ్చిందేమిటి? సెలవు రోజున అనుమతి లేకుండా విధులు నిర్వర్తించినందుకు సంజాయిషీ కోరుతూ ఒక మెమో! అనుమతి లేనిది కనుక నమూనా చెల్లదన్నారు. పరిపాలనా సౌలభ్యం అనే ముద్దుపేరుతో వారిని రికార్డు గదికి పంపారు. నీటిని చదవగలిగిన మనిషి ఎనిమిదేళ్లు పాత కాగితాలకు పురికొస కట్టారు. మనలో ఒక్కరైనా నోరు మెదిపామా? లేదు. చూసీ చూడనట్టు ఊరుకున్నాం, పదోన్నతులు పొందాం, ఒకరినొకరం అభినందించుకున్నాం.

ఇప్పుడు పాఠక మహాశయులు దయచేసి ఈ సంచికను ఒక్కసారి తిప్పి, వెనుక అట్ట చూడండి. పచ్చటి ఆకు బొమ్మ, దాని కింద సబ్బు పొడి పొట్లం, "శుభాకాంక్షలతో" అన్న మాట. ప్రకృతికి హాని చేయని ఉత్పత్తి అంటూ ఆ ఆకు గుర్తును ప్రదానం చేసింది మన కార్యాలయమే. మేడమ్ గారు రికార్డు గదిలో ఉన్న కాలంలో, ఆ చెల్లని నమూనా ఊసు ఎత్తకుండా, మేళతాళాలు ఒక్కటే తక్కువగా వేడుక చేసి మరీ ఇచ్చాం. ఆ వారంలోనే వారి ఆడపడుచు గారు ఆ పొట్లం పట్టుకుని ఇంటికి వచ్చారు.

"వదినా, ఇది మీ ఆఫీసు వాళ్లు మెచ్చిందట కదా! నువ్వు అక్కడే ఉన్నావు కనక కళ్లు మూసుకుని కొనేశాను."

మేడమ్ గారు "నన్ను చూసి కొన్నావా?" అని మాత్రం అన్నారట. ఒక గృహిణి కుటుంబం మీది నమ్మకంతో వస్తువు కొంటుంది, ఆ నమ్మకానికి ప్రభుత్వం ముద్ర వేస్తుంది, ఆ ముద్రను చూపించి వ్యాపారి వాగులోకి నురగ వదులుతాడు. ఈ ముగ్గురిలో మోసం తెలియనిది కొన్న మనిషి ఒక్కరికే. ముద్ర వేసిన మనకు అంతా తెలుసు. వ్యాపారి లాభం కోసం చేశాడు అనుకుందాం. మనం దేనికోసం చేశాం? ఒక కారు కోసం, ఒక చల్లటి పానీయం కోసం, ఎవరితోనూ పేచీ లేని ఉద్యోగం కోసం!

2006లో తిరిగి ప్రయోగశాలకు వచ్చిన నాటి నుంచి వారు సాధించిన అభివృద్ధిని, శిక్షణ ఇచ్చిన నలభై మంది విశ్లేషకులను గురించి ఈ సంచికలో ఇతర మిత్రులు సవిస్తరంగా రాశారు. ఈ వ్యాసకర్త వారి చివరి నివేదిక గురించి మాత్రమే చెబుతాడు. ఆదివారం నమూనా తీయడానికి ఈసారి వారు లిఖితపూర్వక అనుమతి కోరారు. అది రావడానికి పదకొండు నెలలు పట్టింది. పదవీ విరమణకు అయిదు వారాల ముందు, చేపలు పట్టే ఇద్దరిని సాక్షులుగా నిలబెట్టి, నమూనాకు లక్కతో సీలు వేసి, సగం ఫ్యాక్టరీ వారికి అప్పగించి సంతకం తీసుకుని, మిగతా సగం బస్సులో తెచ్చారు. మాలిన్యం హద్దుకు తొమ్మిది రెట్లు ఉంది. నివేదికను అందిన ముప్పై రోజుల్లోగా విభాగాధికారి సంతకంతో పై కార్యాలయానికి పంపాలి. పంపకపోతే ఆ నమూనా కూడా చెల్లదు, మరొకటి తీయడానికి వారు ఉద్యోగంలో ఉండరు.

ఆ విభాగాధికారి ఈ వ్యాసకర్తే. నివేదిక ఇరవై ఆరు రోజులు అతని బల్ల మీదే ఉంది. సన్మాన సభకు హాలు ఇస్తున్నది సబ్బుల ఫ్యాక్టరీ, వెనుక అట్ట వారిది, వ్యాసకర్తకు ఇంకా రెండేళ్ల సర్వీసు ఉంది. మీనమేషాలు లెక్కించడానికి ఇంతకంటే కారణాలు ఎందుకు? ఇరవై ఆరో రోజు మధ్యాహ్నం మేడమ్ గారు అతని గదిలోకి వచ్చారు.

"నా రిపోర్టులో తప్పేమైనా ఉందాండీ?"

"అబ్బే, లేదండీ."

"మరి ఆగిందేం?"

"మీ సన్మానం సవ్యంగా జరిగిపోయాక పంపుదామని... మీ గురించేనండీ, ఆ రోజు రభస ఎందుకని..."

"నా గురించి అనకండి." వారి గొంతు పెరగడం ముప్పై మూడేళ్లలో అదే మొదటిసారి. "రికార్డు గదిలో ఎనిమిదేళ్లు కూర్చోబెట్టారు, సరే అన్నాను. ఆకు గుర్తు ఇచ్చారు, ఇంట్లో తల ఎత్తుకోలేకపోయాను, సరే అన్నాను. ఇప్పుడు నాకు సన్మానం చేసి, నా పనిని చంపేస్తారా? నాకు మీ పూలగుత్తి వద్దు, మీ జ్ఞాపిక వద్దు. సంతకం పెట్టండి. పెట్టకపోతే పెట్టనని రాసివ్వండి, అది పట్టుకుని ఇంటికెళ్తాను."

రాసిచ్చే ధైర్యం కూడా లేని వాడు కనుక వ్యాసకర్త సంతకం పెట్టాడు. దీన్ని ఎవరూ అతని గొప్పగా భావించవద్దని మనవి. నివేదిక ఇరవై ఎనిమిదో రోజున పై కార్యాలయానికి చేరింది. రసీదు ప్రతి మేడమ్ గారి దగ్గరే ఉంది, ఎందుకంటే మనల్ని నమ్మడానికి వారికి కారణమేదీ లేదు. ఫ్యాక్టరీ మీద కేసు దాఖలు చేస్తున్నట్టు నిన్ననే ఉత్తర్వు వచ్చింది. హాలు ఇవ్వడం కుదరదని ఈ ఉదయం ఫ్యాక్టరీ నుంచి ఫోను వచ్చింది. సభ మన క్యాంటీనులోనే జరుగుతుంది, అందరూ సకుటుంబంగా రావాలి.

ఇక శుభాకాంక్షలు. ఇటువంటి వ్యాసాల చివర ఆయురారోగ్యాలను కోరడం మర్యాద. ఇక్కడ అది మర్యాద కోసం రాస్తున్న మాట కాదు. నమూనా తీసిన విశ్లేషకురాలు స్వయంగా వచ్చి సాక్ష్యం చెబితేనే ఈ కేసు నిలబడుతుంది. కంపెనీ వారి న్యాయవాదులు వాయిదాల మీద వాయిదాలు అడుగుతారు, మన వాళ్లు అభ్యంతరం చెప్పరు, కంపెనీ ఎదురుచూసేది తీర్పు కోసం కాదు, సాక్షి లేకుండా పోయే రోజు కోసం. కాబట్టి మేడమ్ గారూ, కోర్టు మెట్లు ఎన్నిసార్లయినా ఎక్కగల మోకాళ్లతో, ఆ ఆదివారపు నురగ ఎంత ఎత్తున ఉందో తడబడకుండా చెప్పగల జ్ఞాపకశక్తితో, ఆ రోజు మా గదిలో వినిపించిన గొంతుతో మీరు చిరకాలం వర్ధిల్లాలి. కేసు పదేళ్లు నడిస్తే పదేళ్లు, ఇరవై ఏళ్లు నడిస్తే ఇరవై ఏళ్లు, తీర్పు వచ్చిన తరువాత కనీసం ఒక్క రోజైనా మీరు ఆరోగ్యంగా బతికి ఉండాలి.