చిన్నమ్మ పక్క

గూడూరులో మధ్యాహ్నం కరెంటు పోయింది. కుట్టుమిషను వదిలేసి తల్లి జాకెట్టుకు హుక్కులు కుడుతోంది. నెల్లూరులో లా చదివే కూతురు పక్కనే కూర్చుని ఫోనులో కాలేజీ గ్రూపు చూసి గంతేసింది.

"ఏందిమే, అంత సంబరం?"

"శుక్రవారం కాలేజీలో మూట్ కోర్టు పెడుతున్నారుమా. ఉత్తుత్తి కేసు ఇస్తారు, మేం లాయర్లలాగా వాదించాల. గెలిస్తే పెద్ద లాయరు దగ్గర ఇంటర్న్‌షిప్ ఇస్తారంట."

"ఎవురి పక్క వాదిస్తావు?"

"చీటీ తీస్తారు. ఏ పక్క వస్తే ఆ పక్క."

"తప్పు చేసినోళ్ల పక్క వస్తే?"

"వాళ్లకీ చెప్పుకునే మాట ఒకటుంటది గదా. అది వెతకాల."

తల్లికి ఇదేదో వింతగా తోచింది. సూది ఆపింది.

"అయితే మీ షాహిస్తా చిన్నమ్మ పక్క వాదించు, చూస్తాను. కన్నతల్లి పోతే నెల్లూరులోనే ఉండి కడచూపుకి కూడా రాలేదు. అందుకే గదా ఆమెతో మాటలు మానుకున్నా."

"చిన్నమ్మకి కబురు ఎవురు చేసినారు?"

"ఎవురో ఒకరు చేసుంటారు."

"నువ్వు చేసినావా?"

"నేను ఏడుపులో ఉన్నా. మీ మామ చేసుంటాడనుకున్నా."

"మామని అడిగినాను. నువ్వు చేసుంటావని ఆయన అనుకున్నాడంట."

దారం ఎప్పుడో జారిపోయింది. తల్లి ఉత్త సూదితోనే ఇంకో రెండు కుట్లు వేసింది.

"ఆ పోటీ చూసేదానికి తల్లుల్ని రానిస్తారా?"

"రానిస్తారుమా."

"మీ కాలేజీ నుంచి చిన్నమ్మోళ్ల ఇల్లు ఎంత దూరం?"