ఎర్రన్న పేరు తీసిందెవరు

తుఫాను వెళ్లిన తొమ్మిదో రోజు మధ్యాహ్నం, కళింగపట్నం. వేటకెళ్లిన ఎర్రన్న పడవ ఇంకా తిరిగి రాలేదు. మత్స్యకారుల సంఘం వెబ్‌సైటు చూసే అతని తమ్ముడు త్రినాథ్, లాప్‌టాప్ పట్టుకుని వదిన దుర్గాభవాని దగ్గరికి పరుగున వచ్చాడు.

"మళ్లీ సూడు వదినా. తిరిగి రానోల లిస్టులో అన్న పేరు లేదు."

"లేకపోతే లేదు. ఎగిరిపోయుంటాది."

"దానంతటది ఎగిరిపోదు. ఎవలు ఏటి మార్చినా, ఎప్పుడు మార్చినా హిస్టరీలో ఉండిపోతాది. ఇదిగో, నిన్న పొద్దున్న పదకొండూ పది. మార్చినవారు ఎర్రన్న."

"మరొకలెవలో అయుంటారు."

"అన్న పాస్‌వర్డు అన్నకే ఉంటాది. పడవ పెద్దల్ని తలా ఒకటి సొంతంగా ఎట్టుకోమన్నాం. అన్న బతికున్నాడు వదినా."

"నెమ్మదిగా మాటాడు. అత్త వింటాది."

"అమ్మకి సెప్పీసినాను. ఇన్నాళ్లకి ఇప్పుడే గంజి తాగింది."

"సెప్పీసినావా."

"సెప్పకుండా ఎలాగుంటాను? ఒడిశా ఒడ్డుకి కొట్టుకుపోయుంటాడు. అక్కడెవలి ఫోన్లోనో మన పేజీ సూసి, తన పేరు తనే తీసుంటాడు."

"బతికుంటే పేరు తీస్తాడా, ఇంటికి ఫోను సేస్తాడా?"

"అయన్నీ నన్నడక్కు వదినా. అడక్కు. హరిబాబు బోటు తీస్తన్నాడు. గోపాల్‌పూర్ దాకా ఎతుకుతాం. నానూ ఎల్తన్నాను."

"సముద్రం ఇంకా పోటుమీదున్నాది."

"ఉండనీ."

"త్రినాథూ. ఆ లిస్టు పైన మొన్నటి దాకా 'ఆచూకీ లేనివారు' అని ఉండేది."

"ఇప్పుడదెందుకు?"

"నిన్న తెల్లారేసరికి 'మరణించినవారు' అయిపోయింది. అది మార్చినోల పేరు కూడా ఉంటాదా?"

"బోటు కదిలిపోతాది వదినా."

"ఉంటాదా, సెప్పు."

"ఉంటాది."

"ఎవలు?"

"నానే. సంఘంలో రాయమన్నారు. రాయనన్నాను. మళ్లీ రాయమన్నారు. రాసినాను వదినా."

"నన్నో మాట అడగలేదు."

"ఏటని అడుగుతాను నిన్ను? ఏ మొగం ఎట్టుకుని అడుగుతాను? ఇప్పుడది తప్పని తేలిపోయింది కదా. తప్పుకో."

"ఎల్లకు."

"సెయ్యొదులు వదినా. అన్నని తెచ్చీస్తాను."

"మీ అన్న పాస్‌వర్డు నా పేరే, త్రినాథూ. నిన్న తీసింది నానే."