తొమ్మిదో దండ వెర్నాకు వెయ్యలేదు

మన వనం సంఘంలోని పెద్దలారా, మిత్రులారా, మరిది వెస్లీ,

మంచు పడుతున్నా ఇంతమంది వచ్చారు. మా చెల్లెలు వెర్నా పోయి ఇవాళ్టికి పన్నెండు రోజులు. నేను పెద్దదాన్ని, ముందు పోవలసినదాన్ని. ఆమె గురించి నాలుగు మంచి మాటలు చెప్పమని నన్ను నిలబెట్టారు. చెబుతాను. కానీ నా తప్పు దాచిపెట్టి ఆమె మంచి చెప్పడం నా వల్ల కాదు.

చెట్లను, పాత దేవతలను కొలిచే మన డ్రూయిడ్లకు సుగుణాలు తొమ్మిది. వివేకంతో మొదలవుతాయి. చివరిది ఫలించడం. మే నెల మొదటి రోజున ఒక్కో సుగుణానికి ఒక్కొక్కరిని పిలిచి పూలదండ వేస్తాం. ఎవరికి ఏ దండో ఇరవై రెండేళ్లుగా నేనే చెబుతున్నాను. తొమ్మిదో దండ ఎవరికి వేశాను? కడుపుతో ఉన్నవాళ్లకు. చంటిబిడ్డల తల్లులకు. అలాంటివాళ్లెవరూ లేని ఏడాది, మనవడు పుట్టాడని నా మెడలోనే వేసుకున్నాను.

ఒక ఏడు వెర్నా అందరి ముందూ అడిగింది. “అక్కా, ఈసారి ఆ చివరిది నాకివ్వవా?” నేనేమన్నాను? “ముందు ఒక బిడ్డను ఎత్తుకుని రా, చూద్దాం.” మీరు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. “సరేలే, దండలు నీవి, పెంటకుప్ప నాది” అంటూ పార తీసుకుని వెళ్లిపోయింది.

ఆమెకు రెండుసార్లు కడుపు నిలవలేదని మీకు తెలియదు. నాకు తెలుసు. రెండోసారి ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చింది నేనే.

మనం అర్పణలు పెడతాం. రొట్టె, తేనె, పూలు. పెట్టి ఇళ్లకు పోతాం. మర్నాడు వాటిని ఎవరెత్తారని మనలో ఒక్కరమైనా అడిగామా? వెర్నా ఎత్తింది. రాలిన ఆకులతో, గుర్రపు పేడతో కలిపి కుప్ప వేసింది. మీ గుమ్మడి పాదులకు వేసుకున్నది ఆ ఎరువే.

మనకు పాటలు కట్టే ఆర్డిస్ ఇక్కడే ఉంది. భర్త పోయాక రెండేళ్లు ఒక్క పాట కట్టలేదు. నేను వాళ్లింటికి వెళ్లి ప్రార్థన చేసి వచ్చాను. వెర్నా వెళ్లి చేతికి పార ఇచ్చింది. ప్రతి శనివారం ఇద్దరూ కుప్ప తిరగేసేవారు. ఆర్డిస్ ఏడిస్తే, “కుళ్లనీ, తొందరేముంది” అనేదట. ఇందాక మనం పాడిన పాట ఆ కుప్ప దగ్గర పుట్టింది. అది ఫలించడం కాదా? శరీరంలో, మనసులో, ఆత్మలో ఫలించాలని కొత్తవాళ్లకు నేర్పింది నేనే. నేర్పి, కడుపులు మాత్రమే చూశాను.

వెర్నా చివరి వారంలో క్షమాపణ అడుగుదామని ఆసుపత్రికి వెళ్లాను. కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తూ కూర్చున్నాను. అడగడం కంటే అది తేలిక. ఆమె నా చెయ్యి తట్టింది. “దేవతలకు వినబడిందిలే అక్కా. కుప్ప ఎవరైనా తిరగేశారా?”

మర్నాడు నేనే వెళ్లి తిరగేశాను. అదే మొదటిసారి. పైన గడ్డకట్టిన మంచు. లోపల చెయ్యి పెట్టలేనంత వేడి. కుప్ప తిరగేశానన్న మాట, దానితో పాటు ముందురోజు అడగలేని మాట, రెండూ చెబుదామని బయలుదేరాను. నేను వెళ్లేసరికి ఆమె లేదు.

అందుకే ఇక్కడ అడుగుతున్నాను. వెస్లీ, నీ భార్యను నలుగురిలో చిన్నబుచ్చాను. నన్ను క్షమించు. క్షమించలేకపోతే, అది కూడా న్యాయమే. ఆ దండ వేసిన ప్రతిసారీ తల వంచుకున్నవాళ్లు ఈ గదిలో ఇంకా ఉన్నారు. మీరెవరో నాకు తెలుసు. పేర్లు చెప్పి మళ్లీ బాధపెట్టను. మీ ఇళ్లకు నేనే వస్తాను. ఈ మే నుంచి ఎవరికి ఏ దండో నేను చెప్పను. ఆ పని మీరే చూసుకోండి.

ఇప్పుడు వెర్నా కోసం అందరూ లేచి నిలబడండి. మౌనంగా ఉందాం. ఎంతసేపని నేను చెప్పను. ఎవరికి చాలనిపిస్తే వాళ్లు కూర్చోండి. నేను మాత్రం మీ అందరి తర్వాతే కూర్చుంటాను.