గిలకబావి దగ్గర ఇచ్చిన మాట

ఊరికి పడమట జీడితోట దాటాక గిలకబావి ఉంది కదా, దాని పక్కన వంగిపోయిన చింతచెట్టు కూడా ఉంది, మీలో ఎవరైనా అటువైపు వెళ్ళారా? వెళ్ళలేదు. వెళ్ళరు. జీడిపిక్కలు ఏరే ఆడవాళ్ళు ఆ చెట్టు నీడ పడినంతమేర వదిలేసి ఏరుకుంటారు, రాలిన పిక్కలు అక్కడే మట్టిలో మొలకెత్తిపోతుంటాయి. మేకలవాళ్ళు చుట్టూ తిరిగి పోతారు. మేకలకేం తెలుసు, అవి పోయి ఆ గట్టు మీదే పడుకుంటాయి, అది వేరే సంగతి. ఎందుకు వెళ్ళకూడదో మాత్రం మీకెవరూ సరిగ్గా చెప్పి ఉండరు. ఆ వేపాకు పొగ కాస్త ఇటు జరపండి, దోమలు కుడుతున్నాయి. చెబుతాను.

నేను ఈ బడికి వచ్చిన కొత్తలో ఆ బావి పక్కనే ఒక పాక ఉండేది, అందులో పైడయ్య, బంగారమ్మ అని మొగుడూ పెళ్ళాం ఉండేవారు. పిల్లల్లేరు. బంగారమ్మకి కీళ్ళవాతం. చిన్న వయసులోనే పట్టుకుంది, పట్టుకుని వదల్లేదు, చేతివేళ్ళు చింతకాయల్లా వంకర తిరిగిపోయాయి. చేద లాగలేదు, తన కొప్పు తను ముడేసుకోలేదు. అందుకని తెల్లవారగానే పైడయ్య నీళ్ళు తోడి బొక్కెన గట్టు మీద పెట్టి, ఆ తర్వాత పెళ్ళాన్ని పక్కనే కూర్చోబెట్టుకుని తల దువ్వేవాడు. నాగలి పట్టిన చెయ్యి కదా, ఎంత పొందికగా చుట్టినా కొప్పు ఎడమ చెవి మీదకి వచ్చి కూర్చునేది. ఆవిడ రోజంతా దాన్ని అలాగే ఉంచుకునేది, సరిచెయ్యమని ఎవరినీ అడిగేది కాదు.

మరి ఊళ్ళో మగవాళ్ళు ఊరుకుంటారా? దారిన పోతూ పోతూ, "ఒరే పైడయ్యా, పూలు కూడా పెట్టరా!" అని అరిచేవారు. "కోసుకురా, పెడతాను," అనేవాడు. ఎవడూ కోసుకురాలేదు, అదీ మనవాళ్ళ సంగతి.

అందరూ బంగారమ్మే ముందు పోతుందనుకున్నారు. ఒక వానాకాలం పైడయ్యకి జ్వరం వచ్చింది, పొలం నుంచి వచ్చి పడుకున్నాడు, మళ్ళీ లేవలేదు. రోగం ఒకరిది, చావు ఒకరిది అయింది. ఇలా ఎందుకవుతుందని నన్ను అడక్కండి, బడి పుస్తకాల్లో ఆ పాఠం లేదు.

ఇక పెద్దకర్మ రోజు సంగతి వినండి, కథంతా అక్కడే ఉంది. ఆ బావి దగ్గరే పిండం పెట్టారు. చింతచెట్టు నిండా కాకులు, ఒక్కటీ దిగదు. కాకి ముట్టకపోతే పోయినవాడికి ఏదో కోరిక మిగిలిందని అర్థం కదా, ఆ కోరిక తీరుస్తామని బతికున్నవాళ్ళు గట్టిగా మాట ఇవ్వాలి కదా. ఒకాయన పాక కొత్తగా నేయిస్తామన్నాడు, ఇంకొకాయన ఎద్దుల్ని కన్నబిడ్డల్లా చూస్తామన్నాడు, కాకులు ముక్కులు రుద్దుకుంటూ కూర్చున్నాయి. పొద్దు నెత్తి మీదికి వచ్చింది, కాకి ముట్టందే ఎవరూ తినకూడదు, అవతల వంటలు చల్లారిపోతున్నాయి. అప్పుడు బంగారమ్మ తమ్ముడు సన్యాసి, ఆకలికి ఆగలేని మనిషి, చేతులెత్తి, "బావా, అప్పకి ఆ కీళ్ళ జబ్బు పూర్తిగా నయం చేయించే పూచీ నాది, నువ్వెళ్ళిపో!" అని అరిచేశాడు.

అనగానే కాకి దిగింది. అందరూ అమ్మయ్య అనుకుని విస్తళ్ళ ముందు కూర్చున్నారు. మీరైతే మాత్రం ఏం చేసేవారు? కడుపు కాలుతుంటే ఏ మాటైనా ఇచ్చేస్తాం.

మర్నాడు తెల్లవారుతూనే గిలక కిర్రుమంది. చేద లాగేవాళ్ళెవరూ లేరు, అయినా బొక్కెన నిండుగా గట్టు మీదికి వచ్చి కూర్చుంది. జీడితోటలోకి పోతున్న ఆడవాళ్ళు చూసి బుట్టలు అక్కడే పారేసి పరుగెత్తారు, అదిగో, అప్పటి నుంచే ఎవరూ ఆ వైపు వెళ్ళరు. మాట ఇచ్చారు కదా, అది తీరేదాకా పైడయ్య ఉండిపోయాడు.

సన్యాసికి నిద్ర పట్టలేదు. అప్పని వెంటేసుకుని తిరగని చోటు లేదు. నాటువైద్యుడు నూనె ఇచ్చాడు, ఇంకొకాయన పసరు పోశాడు, పట్నంలో పెద్దాసుపత్రి డాక్టరు అయితే ఇది పోయే జబ్బు కాదమ్మా, మాత్రలు వేసుకుంటూ ఉంటే నెమ్మదిస్తుంది అని ఉన్నమాట చెప్పాడు. చివరికి సన్యాసి ఒక భూతవైద్యుణ్ణి తీసుకొచ్చాడు. ఆ మహానుభావుడు దెయ్యాన్ని సీసాలో బంధిస్తానని బిరడా కూడా తెచ్చుకున్నాడు. బంగారమ్మ వాడి వంక చూసి, "నా మొగుణ్ణి సీసాలో పెడతావా? నీకు సిగ్గు నేదేటి?" అందట. వాడు సీసా సంకలో పెట్టుకుని పోయాడు.

ఆవిడకి మాత్రం భయమేముంది? మొదట్లో సంతోషమే. బొక్కెన్లోంచి చెంబుతో ముంచుకుంటూ, అంట్ల దగ్గర నుంచి కూర దాకా అన్ని కబుర్లూ ఆయనతో చెప్పుకునేది. అయితే ఎండలు ముదిరేసరికి బావిలో నీళ్ళు అడుగంటాయి. గిలక ఆగి ఆగి తిరిగేది, బొక్కెన సగమే వచ్చేది, గట్టు పక్కన మనిషి ఆయాసపడుతున్నట్టు వినపడేదట. ఆ ఆయాసం విన్నరోజున ఆవిడ అన్నం ముట్టలేదు. బతికినన్నాళ్ళూ చేశాడు, పోయాక కూడా నా చాకిరీయేనా, ఆ జబ్బు పోయేది లేదు, ఈయన వెళ్ళేది లేదు అని నా దగ్గరికొచ్చి ఏడ్చింది. అమ్మా, ఆయనకి కావలసింది నిజమేమో, నిజమే చెప్పి చూడు అన్నాను.

పెద్దల అమావాస్య నాడు మధ్యాహ్నం ఆవిడే వండింది. ఆ వేళ్ళతోనే పిండం కట్టింది, అది గుండ్రంగా రాలేదు. నేనూ సన్యాసీ వెంట వెళ్ళాం. కాకులు మళ్ళీ కొమ్మల మీదే ఉన్నాయి. సన్యాసి చేతులెత్తి, బావా, ఈసారి కాశీకి తీసుకెళ్ళి అని ఏదో మొదలుపెట్టాడో లేదో, బంగారమ్మ, "నోర్ముయ్ సన్యాసీ! నువ్విచ్చిన ఒక్క మాటకే ఇన్నాళ్ళూ నీళ్ళు తోడతన్నాడు!" అని గదమాయించింది.

తర్వాత గట్టు మీద ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుని, కొప్పు విప్పేసుకుని, బావి వైపు తిరిగి మాట్లాడింది. "ఇదిగో, నా జబ్బు నయం అవదు. డాక్టరు చెప్పేడు. ఆకలికి ఓర్చుకోనేక నా తమ్ముడు అబద్ధం ఆడేడు, వాణ్ణి ఒగ్గేయ్. నొప్పి ఉంటాది. ఉన్నా నాను బాగానే ఉన్నాను, నన్ను చూడు. తమ్ముడి కూతురు వచ్చి తల దువ్వుతోంది, కొప్పు తిన్నగానే వేస్తోందిలే. ఈ జబ్బే నేకపోతే నువ్వు నా తల ముట్టేవోడివా? ఏ రాణికి చేసేడు మొగుడు ఇంత సేవ? నాకు చాలు. నాకు నిండిపోయింది. నీ చేతులకి దండం, ఇంక చేద ఒగ్గేయ్."

దండం పెడదామంటే ఆవిడ అరచేతులు కలవవు. కలిసినంతవరకే కలిపి, అలాగే ఎత్తి పట్టుకుంది.

గిలక కిర్రుమంది. ఈసారి బొక్కెన కిందికి దిగింది, అడుగున నీళ్ళు తగిలిన చప్పుడైంది, చేంతాడు వదులైపోయింది. సన్యాసి నా చొక్కా పట్టుకున్నాడు. అప్పుడు మెల్లగా గాలి వచ్చింది, బంగారమ్మ కళ్ళు మూసుకుని తల కాస్త వెనక్కి వాల్చింది. కాకి దిగి పిండం ముట్టింది. ఆవిడ లేచి నిలబడేసరికి విప్పుకున్న జుట్టు కొప్పు చుట్టి ఉంది. ఎడమ చెవి మీదికి జారి ఉంది. నేను చూశాను. నవ్వేవాళ్ళు నవ్వుకోండి.

ఆ తర్వాత గిలక మోగలేదు. బంగారమ్మ చాలాకాలం బతికింది, నొప్పితోనే బతికింది, ఎలా ఉన్నావమ్మా అంటే నిండుగా ఉన్నాను మాష్టారూ అనేది. చివరికి నిద్రలోనే పోయింది. ఆవిడకి పిండం పెట్టిన రోజున ఎవరూ ఏ మాటా ఇవ్వక్కర్లేకపోయింది, విస్తరి కింద పెట్టీ పెట్టకముందే కాకి వాలింది.

మరి పైడయ్య వెళ్ళిపోయాడు కదా, ఇప్పుడు ఆ బావి దగ్గరికి వెళ్ళొచ్చా అంటారా? వెళ్ళకండి. గట్టు పగిలిపోయింది, లోపల పాములున్నాయి. ఎంత చెప్పినా వినకుండా వెళ్తే వెళ్ళారు గాని, ఆ గట్టు మీద కూర్చుని ఎవరికీ ఏ మాటా ఇవ్వకండి. అక్కడ నమ్మేస్తారు.