వెర్నా చేతికి సరిపోయేది

(కెంటకీలో ఒక చిన్న ఊళ్ళో తుపాకుల దుకాణం. శనివారం మధ్యాహ్నం. కౌంటరుకి అవతల దుకాణందారు క్లేటన్, ఇవతల ముసలి హోలిస్.)

"అది కాదబ్బాయ్, దాని పక్కది."

"ఇదా? కొత్తగా వచ్చింది హోలిస్ గారూ. ట్వంటీటూ రివాల్వరు, సన్న తూటాలది, తూటాలకి ఆరు గదులు. పట్టుకుని చూడండి."

"ఊహూ. పిడి లావు."

"అయ్యో, ముందు సిలిండర్ తెరిచి చూసుకోండి."

"నువ్విప్పుడే చూశావుగా!"

"నేను చూశాను. మీరు చూళ్ళేదు. మీ ఆవిడ మిస్ వెర్నా ఇక్కడుంటే చేతి మీద ఒక్కటేసేది."

"వేసేదే. ఇదిగో, తెరిచాను, చూశాను, ఖాళీ. తృప్తిగా ఉందా?"

"ఆవిడ నేర్పిన పాఠమేగా. ఊళ్ళో పిల్లలందరికీ నేర్పింది, మొగుడికి నేర్పలేకపోయిందా అంటారు."

"పిడి లావుగా ఉంది, ఇంకోటి చూపించు. డబుల్ యాక్షనే కావాలి. సుత్తి వెనక్కి లాగే పని ఉండకూడదు. ట్రిగ్గర్ నొక్కితే అదే లేవాలి, అదే కొట్టాలి."

"అన్నీ చూపిస్తాను గానీ, ఇంతకీ ఎందుకండీ? ఇంట్లో ఉన్న తుపాకులన్నీ మీ తమ్ముడికి ఇచ్చేశారని విన్నాను."

"విన్నావా? ఈ ఊళ్ళో ఒకడు దగ్గితే రెండో వీధిలో మందు కాస్తారు."

"అన్నీ ఇచ్చేసిన మనిషి మళ్ళీ కొనడమెందుకా అని."

"సరదాకి. కంచె మీద బీన్స్ డబ్బాలు పెట్టి కొట్టుకోడానికి. ట్వంటీటూ ఇంకెందుకు కొంటారు, ఏనుగుల వేటకా?"

"సరదా మొహం కాదండీ ఇది."

"నా మొహం సంగతి నీకెందుకు? నువ్వు తుపాకులమ్ముతావా, జాతకాలు చెబుతావా?"

"ఆ చేతిలోది ఇటివ్వండి. ఇవ్వండి హోలిస్ గారూ. నేనమ్మను."

"అమ్మవా?"

"గడ్డం గీసుకుని ఎన్నాళ్ళయిందో. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకున్నారు. కళ్ళు చూస్తే నిద్ర పోయినట్టే లేరు. ఇట్లా ఒక్కరే వచ్చి సరదాకి తుపాకీ కావాలంటే, నేనమ్మను. రేపు రండి. మీ తమ్ముణ్ణి వెంటబెట్టుకుని రండి, కాఫీ తాగుతూ మాట్లాడుకుందాం."

"నేను చచ్చిపోడానికి కొంటున్నాననుకుంటున్నావా?"

"నేనట్లా అనలేదు."

"అన్నావు. నోటితో తప్ప అన్నిటితోనూ అన్నావు."

"కాదని చెప్పండి మరి."

"కాదు. చావడానిక్కూడా తీరిక లేదబ్బాయ్ నాకు. నేను పోతే దాన్నెవరు చూస్తారు? అదిగో, కిటికీలోంచి చూడు. ట్రక్కులో కూచుంది. రేడియో పెట్టి వచ్చాను."

"మిస్ వెర్నానా? అట్లా బయట కూచోబెట్టడమేంటండీ, లోపలికి తీసుకురాకుండా! ఉండండి, నేను వెళ్ళి..."

"వద్దు! ఆగు. ఆగు క్లేటన్. ముందు మనం చూద్దాం. తుపాకీ ఆమెకే."

"ఆ మాట ముందే చెబితే ఏం పోయింది! ఆవిడకైతే నేనే ఏరి ఇస్తాను. కీళ్ళు పట్టేశాయి కదా, బొటనవేలు పని చెయ్యదు, అందుకా డబుల్ యాక్షన్? ఇదిగో, ఇది పట్టుకోండి. దూదిపింజ."

"వద్దు. తేలిగ్గా ఉంది."

"ఆడవాళ్ళందరూ తేలికదే అడుగుతారండీ."

"ఈమె అడగదు. చేతిలో పెట్టగానే విసిరేస్తుంది. ప్లాస్టిక్‌ది ఒకటి, నిజం దానిలాగే ఉండేది, తెచ్చిచ్చాను. పొయ్యి మీదికి విసిరింది. సూపు గిన్నె బోర్లాపడింది."

"ప్లాస్టిక్‌దా? మిస్ వెర్నాకి? అదేం పనండీ?"

"వేరేది చూపించు."

"ఇది చూడండి, గొట్టం పొడుగు. గురి బాగా కుదురుతుంది."

"మంచం పక్క డ్రాయరులో పట్టదు."

"డబ్బాలు కొట్టేది డ్రాయరులోనా?"

"ఆ కింది అరలో, గుడ్డ కప్పి ఉన్నదేంటి?"

"అది అమ్మేది కాదు. నా సొంతం. పాతకాలం సరుకు, తొమ్మిది గదులది. ఇప్పుడు చెయ్యట్లేదు."

"ఒక్కసారి చూపించు. ... ఖాళీ. చూశాను. అబ్బా. క్లేటన్, ఇదేరా. ఇదే బరువు. ఆమెది అచ్చం ఇదే."

"తెలుసండీ. ఆవిడది చూసే గదా నేను ఏళ్ళ తరబడి వెతికి కొనుక్కున్నాను."

"ఆమెది ఒకసారి పాడుచేశావు, గుర్తుందా? అడక్కుండా ఖాళీగా టకటకా నొక్కావు. లోపల తూటాని కొట్టే సూది విరిగింది."

"మర్చిపోతానా! చెవి మెలేసింది. తర్వాత సంచిలోంచి పిప్పరమెంట్ డబ్బా తీస్తే, మిఠాయి పెట్టి ఊరుకోబెడుతుందనుకున్నాను. తెరిస్తే అన్నీ సూదులే. నేను కళ్ళు తుడుచుకునేలోపు కొత్తది వేసేసింది."

"ఇది నాకియ్యి."

"ఇది కాకుండా ఏదైనా..."

"ఇదే కావాలి. ఇచ్చే ముందు సూది మొన అరగదీసెయ్యి."

"ఏమిటీ?"

"తూటా వెనక కొడుతుందే, ఆ సూది. ఇక జన్మలో పేలకుండా చెయ్యి."

"హోలిస్ గారూ, మీకేమైనా పిచ్చా? పేలనిది పెట్టుకుని డబ్బాలెట్లా కొడతారు?"

"తూటాలు దొరకట్లేదని చెబుతాను. అబద్ధం కూడా కాదు, నీ అరలు చూడు, ట్వంటీటూ పెట్టె ఒక్కటైనా ఉందా? వచ్చినవి వచ్చినట్టు జనం ఎత్తుకుపోతున్నారు. వరండాలో కుర్చీ వేస్తాను. కంచె మీద డబ్బాలు పెడతాను. గురి చూసుకుని నొక్కుకుంటుంది. సూదికి మొన లేకపోతే, ఖాళీగా ఎన్నిసార్లు నొక్కినా అది తగిలి గదుల అంచులు పాడవవు కదా?"

"పాడవవు. అది సరే. ఎందుకు? ముందు ఎందుకో చెప్పండి."

"ఆమెకి జ్ఞాపకం పోతోంది."

"వయసండీ. అందరికీ..."

"అందరికీ పోయేది తాళంచెవులు. ఈమెకి నేను పోతున్నాను."

"హోలిస్ గారూ..."

"ఒకరోజు పొద్దున్నే కోళ్ళకి గింజలు వేసి లోపలికొచ్చాను. వంటింటి కిటికీ దగ్గర నిలబడి ఉంది. చేతిలో తుపాకీ. ఎవరు నువ్వు, మా ఆయన వచ్చే వేళయింది, వెళ్ళిపో అంది. నేనే వెర్నా, హోలిస్‌ని అన్నాను. అబద్ధమాడకు, మా ఆయనకి నల్ల జుట్టు అంది. గురి మాత్రం కదల్లేదబ్బాయ్. ఆమె గురి నీకు తెలుసుగా."

"దేవుడా. తర్వాత?"

"గింజల బొచ్చె పట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి తనే, కాఫీ కావాలా హోలిస్ అంది, తుపాకీ బల్ల మీద పెట్టి. ఆ పూటే మా తమ్ముణ్ణి పిలిచి అన్నీ అప్పగించాను. ఆమెది మాత్రం కోపంతో తీసుకెళ్ళి ఏట్లోకి విసిరాను. వెధవపని."

"వెధవపనేంటండీ? ప్రాణం కంటే ఎక్కువా?"

"నీకు తెలీదు. ఆనాటి నుంచీ వెతుకుతోంది. పొద్దున లేస్తే అదే పని. డ్రాయర్లన్నీ బోర్లించేస్తుంది. పిండి డబ్బాలో వెతుకుతుంది. నన్ను దొంగ అంటుంది. నా పేరు మర్చిపోతుంది గానీ తుపాకీ పోయిందన్నది మర్చిపోదు! ఏడుస్తుంది క్లేటన్. చిన్నపిల్ల ఏడ్చినట్టు. నేను చూడలేను. నావల్ల కావట్లేదు. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను."

"ఛ, ఆ మాటలేంటి! అట్లా వంగకండి. కుర్చీలో కూచోండి."

"చేస్తావా?"

"ఇంతవరకూ ఒక్క మంచి తుపాకీనైనా చేతులారా చెడగొట్టలేదండీ."

"చేస్తావా, చెయ్యవా?"

"ఆ ఆకురాయి ఇటందుకోండి. మీ మోచేతి దగ్గరుంది. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి. ఈ చప్పుడు నేను వినలేను."

"ఏం మాట్లాడను?"

"ఏదైనా. మీ పెళ్ళి గురించి చెప్పండి."

"చర్చి విందులో కలిశాం. డబ్బాలు కొట్టే పందెంలో నన్ను ఓడించి, నా వంతు చెర్రీపళ్ళ తీపిరొట్టె కూడా తినేసింది. ఆ రోజు జ్ఞాపకమే ఆమెకి. దాని తర్వాతవే ఒక్కొక్కటీ... అయిందా?"

"అయింది. చూడండి, మొన లేదు. ఇక గోడకి మేకు కొట్టడానిక్కూడా పనికిరాదు."

"హోలిస్! నన్నెంతసేపు ట్రక్కులో కూచోబెడతావు?"

"వెర్నా! నువ్వెందుకు దిగావు? మెట్టు జాగ్రత్త."

"మెట్టు నాకు కనిపిస్తూనే ఉంది. ఏం క్లేటన్, చిక్కిపోయావేం? మీ ఆవిడ కూడు పెట్టట్లేదా?"

"పెడుతోంది మిస్ వెర్నా. ఇట్లా రండి, కూచోండి."

"నీ చేతిలోదేంటి? ఇటియ్యి."

"వెర్నా, అది నీదే. శుభ్రం చెయ్యమని ఇతనికిచ్చాను. చెప్పడం మర్చిపోయాను."

"నువ్వు మర్చిపోయావా? ఇంట్లో మర్చిపోయేది నేను కదూ? క్లేటన్, అట్లా ఇస్తారా తుపాకీ? సిలిండర్ తెరిచి ఇయ్యి."

"తప్పయింది మిస్ వెర్నా. ఇదిగో."

"తొమ్మిదీ ఖాళీ. ఖాళీగా ఒకసారి నొక్కొచ్చా?"

"నొక్కండి. అడిగారుగా."

"ఊఁ. ట్రిగ్గర్ నున్నగా ఉంది. నా వేలికి బాగుంది. హోలిస్, నిన్ను దొంగ అన్నానా నేను?"

"లేదు. ఎప్పుడన్నావు?"

"అనే ఉంటాను. నీ చొక్కా చూడు, గుండీలు ఎట్లా పెట్టావో. ఇటురా, సరిచేస్తాను. ఆఁ, ఇప్పుడు మనిషిలా ఉన్నావు. వెళ్ళి ట్రక్కులో హీటర్ పెట్టు, కాళ్ళు చల్లబడ్డాయి. నేను ఇతనితో రెండు మాటలు మాట్లాడి వస్తాను."

"ఒక్కదానివీ..."

"క్లేటన్ పట్టుకుంటాడు. వెళ్ళు."

"సరే. సరే. మెట్టు జాగ్రత్త."

"వెళ్ళాడా?"

"వెళ్ళారండీ. ట్రక్కు తలుపు తీస్తున్నారు."

"ఇదిగో, పిప్పరమెంట్ తీసుకో."

"వద్దండీ, ఇప్పుడే కాఫీ..."

"తీసుకోమన్నాను."

"డబ్బా మొత్తమా? మిస్ వెర్నా... ఇందులో సూదులున్నాయి."

"నాకు తెలీదా ఏముందో? ట్రిగ్గర్ నొక్కితే సుత్తి లేచిందిగా, అప్పుడు చూశాను క్లేటన్. సూది మీద ఆకురాయి గీతలు ఇంకా మెరుస్తున్నాయి. అది నాది కాదని కూడా తెలుసు, నాదాని పిడి మీద పగులుండేది. ఆయనకి చెప్పకు. నాకు తెలీదనుకుని ఇవాళైనా నిద్రపోతాడు."

"నేనేం చెప్పనండీ. కానీ ఈ డబ్బా..."

"ఇవాళ నాకు అన్నీ తెలుస్తున్నాయి. రేపు ఆయనెవరో తెలియకపోయినా, నా చేతులకి మాత్రం పని గుర్తుంటుంది, కూచుని కొత్త సూది వేసేస్తాయి. అందుకని ఆ డబ్బా నీ దగ్గర దాచు. నేనొచ్చి ఏడ్చి అడిగినా సరే, ఇవ్వకు."