నాలుగో ఇంటి బూట్లు

సుమత్రాలోని ఆ పామాయిల్ ఊరికి పర్యావరణ ముద్ర వేసే తనిఖీ అధికారి వచ్చాడు. ముద్ర లేకపోతే మిల్లు గెలలు కొనదు. నాలుగో ఇంటావిడ నవ్వుతూ బజ్జీల పళ్ళెం అతని ముందు పెట్టింది.

"గడ్డిమందు కొట్టేటప్పుడు ఈ బూట్లు, చేతి తొడుగులు వేసుకుంటారా అక్కా?"

"అవి లేనిదే తోటలో అడుగే పెట్టను సార్."

"ఒక్కసారి వేసుకోండి. అరె, మడమ బయటే ఉండిపోయిందే!"

"ఈమధ్య కాళ్ళు వాచాయి సార్."

"ఇది నాలుగో ఇల్లు. అన్ని ఇళ్ళలోనూ ఎడమ బూటు మీద ఇదే కోడిరెట్ట. మొదటింట్లో పచ్చిగా ఉంది, ఇక్కడికొచ్చేసరికి ఎండింది."

"దాని మొహం మండ! అది మొదటింటి పొనియెమ్ వాళ్ళ కోడి సార్."

"ఊరికి ఎన్ని జతలిచ్చారు?"

"కంపెనీ ఇచ్చింది ఒకటే. మీరు బజ్జీలు తినేలోపు వెనకదారిన పక్కింటికి మోసుకెళ్తాం."

"నేనిది రాస్తే?"

"మా గెలలు కుళ్ళిపోతాయి. రాయకపోతే మా చేతులు, ఇదిగో, ఇలాగే పుండ్లు పడతాయి."

"ఇలా రాస్తున్నాను: బూట్లు కాళ్ళకు సరిపోలేదు. ముద్ర ఆపనక్కర్లేదు. నెలలోగా కంపెనీ ఇంటింటికీ కొలిచి బూట్లు, తొడుగులు ఇవ్వాలి. చాలా?"

"చల్లగా ఉండండి సార్! ఇంకో రెండు బజ్జీలు తినండి."

"కడుపు నిండిందక్కా."

"తినాలి సార్. ఐదో ఇంటావిడ దొడ్డిగుమ్మంలో నిలబడి ఉంది."